కింది తోటలో జిగురు అట్టలు

వ్యవసాయం చదువుకుని బర్మింగ్‌హామ్ వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. అన్నాలయ్యాక ఫోన్లు తీసి నాకు చూపిస్తారు. పురుగుల్ని పట్టడానికి తోటలో పెట్టే బుట్టలోనే ఇప్పుడు కెమెరా ఉంటుందట. రెక్కల పురుగు వచ్చి అంటుకోగానే ఫొటో వస్తుందట. అది ఏ పురుగో కూడా ఫోనే చెప్పేస్తుందట. "మీ రోజుల్లో ఎట్లా లెక్కపెట్టేవాళ్ళు ఆంటీ?" అని అడుగుతారు. "కళ్ళతోనే" అంటే నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వుతాను. నవ్వుతూనే ఒక పెద్దాయనని తలుచుకుంటాను. ఆయన గురించి వీళ్ళకి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. భోజనాల దగ్గర చెప్పే కథ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఈ దేశం రాకముందు గుంటూరు జిల్లాలో పత్తి చేల వెంట తిరిగినదాన్ని. పచ్చపురుగు ఉధృతి ఎంతుందో చూడటానికి చేలో కర్రలు పాతి లింగాకర్షక బుట్టలు కట్టేవాళ్ళం. ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు ముక్క ఒకటి బుట్టలో ఉంటుంది. ఆ వాసనకి మగ పురుగులు వచ్చి పడతాయి. వాటిని లెక్కపెట్టి మందు ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో రైతుకి చెప్పాలి. తొంభైల చివర్లో మా ఆయనకి కంప్యూటర్ ఉద్యోగం వచ్చి బర్మింగ్‌హామ్ చేరాం. నా చదువు ఇక్కడ ఎందుకూ పనికిరాదని ఖాయం చేసుకుని కూర్చున్నాను. అప్పుడే ఆపిల్ రైతులకి సలహాలిచ్చే చిన్న సంస్థ ఒకటి మనిషి కావాలని ప్రకటన వేసింది.

ఇంటర్వ్యూ చేసింది ఆ పెద్దాయనే. స్కాట్లండ్ మనిషి. పొడుగ్గా, కొంచెం వంగి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. నా సర్టిఫికెట్లు పక్కకి నెట్టి, "బురదంటే ఇబ్బందా?" అని అడిగాడు.

"నల్లరేగడిలో చెప్పులు పోగొట్టుకున్నదాన్నండీ," అన్నాను నాకు వచ్చిన ఇంగ్లీషులో.

"రెండూనా?"

"ఒకటే. రెండోది నేనే విసిరేశాను."

ఆ మాటకి ఉద్యోగం ఇచ్చాడని ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. నిజమే అయి ఉంటుంది.

నాకు మొదటి చిక్కు ఆయన్ని పిలవడం దగ్గర వచ్చింది. నాన్న వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. సర్ అన్నాను. "ఈ దేశంలో సర్ అంటే రాణిగారు బిరుదిస్తూ కత్తితో భుజం తట్టి ఉండాలి. నన్ను మా ఆవిడ గరిటెతో తట్టడం తప్ప ఎవరూ తట్టలేదు," అన్నాడు. దాంతో చాలాకాలం ఆయన్ని ఏమీ అనకుండానే గడిపేశాను. దూరంగా ఉంటే దగ్గేదాన్ని. దగ్గు విని ఆయన తిరిగి చూసేవాడు.

పని విషయం కొంచెం చెప్పాలి. ఆపిల్ కాయ తొలిచే పురుగు తల్లి, బూడిదరంగులో ఉండే చిన్న రెక్కల పురుగు. రెక్కల చివర రాగి బిళ్ళ అతికించినట్టు మచ్చ ఉంటుంది. పూత రాలాక ఎగరడం మొదలుపెడుతుంది. వెచ్చగా ఉండే సాయంత్రాల్లో ఆకుల మీద, పిందెల పక్కన గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లపురుగు కాయలోకి దూరేలోపలే మందు పడాలి. దూరాక ఎంత కొట్టినా దానికి తగలదు, మనకే తగులుతుంది. అందుకే బుట్టలు. ఇక్కడివి బుట్టల్లా ఉండవు, గుడిసె కప్పులా మడిచిన అట్ట పెట్టెలు. లోపల జిగురు రాసిన అట్ట పరిచి ఉంటుంది. వారం వారం వెళ్ళి ఆ అట్ట బయటికి లాగి, పడ్డవాటిని లెక్కపెట్టాలి. ఒక హద్దు దాటితే మందు, దాటకపోతే లేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నది లెక్కపెట్టడం కాదు. అది నాకు వచ్చు. "ఈ అంకె ఏం చెబుతోంది?" అని అడిగేవాడు. గాలి ఎటు వీచింది, పక్కన ఎవరి తోట ఉంది, వానకి ముందు పడ్డాయా తరవాత పడ్డాయా, అన్నీ నెమరేసుకుని అప్పుడు రైతుకి మాట చెప్పేవాడు. మందుల కంపెనీలవాళ్ళు వారానికోసారి వచ్చి కొట్టమని చెప్పే రోజుల్లో, "ఈ వారం ఇంట్లో కూర్చోండి" అని చెప్పే ధైర్యం ఆయన ఒక్కడిదే. రైతులు ఆయన్ని నమ్మింది అందుకు.

మేం సలహాలిచ్చే తోటల్లో నాకు బాగా నచ్చింది హియర్‌ఫర్డ్ వైపు ఒక ఆవిడ తోట. తండ్రి పోయాక తనే చూసుకుంటోంది. పెళ్ళి చేసుకోలేదు. పొగాకు తనే చుట్టుకుని కాల్చేది, ట్రాక్టర్ తనే తోలేది. గుట్ట మీద ఒక తోట, ఇంటికి దగ్గరగా కింద ఒక తోట. కింది తోట పక్కనే కాయలు నింపే పాత చెక్క పెట్టెల షెడ్డు ఉండేది. ఆ ఏడు ఆవిడ ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌తో ఒప్పందం చేసుకుంది. వాళ్ళకి మందు అవశేషాలు తక్కువ ఉండాలి, కాయ మీద మచ్చ ఉండకూడదు. రెండూ ఒకేసారి కావాలి. బుట్టలు చెప్పినట్టే చేద్దామని ఆవిడ నిర్ణయించుకుంది. అంటే, మేము చెప్పినట్టు.

ప్రతి మంగళవారం అక్కడికి వెళ్ళి మేమిద్దరం పని పంచుకునేవాళ్ళం. గుట్ట ఎక్కేది నేను, కింది తోట ఆయన. అంతకుముందు ఏడాదే వ్యాను తాళాలు నా చేతికిచ్చి, "ఈ సందు రోడ్లు నీకు అలవాటు కావాలి" అన్నాడు. నన్ను నమ్మి ఇచ్చాడని ఇంట్లో మా ఆయన దగ్గర గొప్పలు పోయాను. మధ్యాహ్నం పబ్బులో మెనూ కూడా నన్నే చదవమనేవాడు. కళ్ళజోడు వ్యానులో ఉందనేవాడు. నా ఇంగ్లీషు ఉచ్చారణ బాగుచేయడానికి అలా చేస్తున్నాడని అనుకున్నాను.

ఆ జూన్‌లో ఎండలు బాగా కాశాయి. నా గుట్ట మీద పురుగులు హద్దు దాటాయి, మందు కొట్టించాం. కింది తోటలో తక్కువే ఉన్నాయన్నాడు ఆయన. వారం వారం అదే మాట. పురుగులు చలికాలం దాక్కునే పెట్టెల షెడ్డు పక్కనున్న తోటలో తక్కువ ఉండటం నాకు కొంచెం వింతగా అనిపించింది గానీ, చెప్పింది ఆయన. కింది తోటకి మందు అక్కర్లేదని ఆవిడతో అన్నాం.

జూలై నడిమిలో ఒక రోజు నా పని ముందే అయిపోయింది. చినుకులు మొదలయ్యాయి. టీకి పిలుద్దామని కింది తోటలోకి దిగాను. ఆయన వరస చివర ఉన్నాడు. దారిలో భుజానికి తగిలిన కొమ్మకి ఒక కాయ ఉంది. దాని అడుగున రంపపు పొట్టు లాంటి గోధుమరంగు రెట్ట కనిపించింది. కాయ తెంపి, జేబులో కత్తి తీసి కోశాను. గింజల గదిలో గులాబీరంగు పురుగు, నల్లటి తల, బాగా బలిసి ఉంది. పక్క కాయ కోశాను. అందులోనూ ఉంది. ఆ పక్క చెట్టుకీ వెళ్ళాను. కోయడం ఆపేశాను, అవసరం లేకపోయింది. రెట్ట పట్టిన కాయలు కింద నుంచి చూస్తేనే కనిపిస్తున్నాయి.

అక్కడికి దగ్గరలోనే బుట్ట ఉంది. అట్ట లాగాను. జిగురు మీద ఖాళీ లేదు. బూడిదరంగు రెక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, ప్రతిదాని చివరా రాగి మచ్చ. ఆ బుట్ట ఆయన చూసి ముందుకెళ్ళి ఎంతోసేపు కాలేదు.

"ఇక్కడ ఎన్ని పడ్డాయండీ?" అని కేకేశాను.

"మూడు," అన్నాడు అక్కణ్ణుంచే.

అట్ట పట్టుకుని ఆయన దగ్గరికి నడిచాను. ఆ నడక నాకు ఇప్పటికీ గుర్తుంది. దగ్గుతో పిలిచే మనిషికి ఈ విషయం ఎలా చెప్పాలో తెలియలేదు. అట్ట ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, తల కొంచెం పక్కకి తిప్పి, ఓరగా చూశాడు.

"ఆకు చెత్త బాగా పడింది," అన్నాడు.

"అది చెత్త కాదండీ."

చినుకులు అట్ట మీద పడుతున్నాయి. ఆయన దాన్ని దించి, దగ్గరలో బోర్లించిన పెట్టె ఒకటుంటే చేత్తో తడుముకుని దాని మీద కూర్చున్నాడు. తడుముకోవడం అప్పుడే మొదటిసారి గమనించాను.

"నడిమధ్య పోయింది," అన్నాడు. "పక్కలన్నీ బాగానే కనిపిస్తాయి. నేరుగా దేన్ని చూస్తే అది ఉండదు. ఈ వరసలు చూడు, నిరుడు నుంచి నాకు చెట్లన్నీ వంకర పోయినట్టున్నాయి. నాటినవాడు తాగి నాటాడనుకుందామని చూశాను."

"డాక్టర్‌కి చూపించుకున్నారా?"

"చూపిస్తే దానికో పేరు పెడతారు. పేరు పెట్టాక ఉద్యోగం ఉండదు. మా ఆవిడ పోయాక నాకు ఈ మంగళవారాలు తప్ప ఏం మిగల్లేదమ్మా."

ఆయన అంతకుముందు ఎప్పుడూ నాతో సొంత సంగతులు మాట్లాడలేదు. నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. "ఎండలకి ఈ వారమే ఒక్కసారిగా పెరిగాయని చెబుదామండీ. ఎవరూ అడగరు," అన్నాను.

ఆ మాట ఆయనకి కూడా కావలసిందేనని మొహం చూస్తే తెలిసింది.

"కాయ కోశావు కదా. పురుగు ఎంతుంది?"

"బాగా ముదిరిందండీ. వారంలో బయటికి వచ్చేలా ఉంది."

"అయితే ఈ వారమే పెరిగాయని చెబితే ఆవిడ ఈ వారమే మందు కొడుతుంది. కాయ లోపలున్నవాటికి ఒక్కటికీ తగలదు. అవి దిగిపోయి బెరడు సందుల్లో, ఆ షెడ్డు పెట్టెల్లో గూళ్ళు కట్టుకుంటాయి. వచ్చే ఏడు గుట్ట కూడా పోతుంది." లేచి నిలబడ్డాడు. "అబద్ధం చెప్పాలంటే మందుకి తప్పు రోజు చెప్పాలి. తెలిసి తప్పు రోజు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పద."

ఆవిడ వంటింట్లో ఉంది. మా ఇద్దరి మొహాలు చూసి కెటిల్ పెట్టబోయినదల్లా ఆగింది. ఆయన కూర్చోకుండానే చెప్పాడు. కళ్ళ సంగతి, అట్టల సంగతి, కింది తోట సంగతి, ఏదీ తగ్గించలేదు. నేను కోసిన కాయ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, తరవాత ఆయన వైపు చూసింది.

"ఇవాళ నా తోటకి నువ్వే బండి తోలుకుంటూ వచ్చావా?"

"లేదు. ఈ అమ్మాయి తోలింది."

"అదొక్కటి నయం." చుట్టుకున్న సిగరెట్ వెలిగించకుండా అలాగే పట్టుకుంది. "నాకు కోపం రేపు వస్తుంది. వచ్చినప్పుడు చెబుతాను. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

ఆయన చెప్పాడు. ఎప్పుడూ చెప్పేంత నెమ్మదిగా, తడబడకుండా చెప్పాడు. పురుగు పట్టిన ప్రతి కాయనీ పురుగు దిగేలోపు చేత్తో తెంపేయాలి, ఒక్కటి కూడా నేల మీద వదలకూడదు. చెట్ల మొదళ్ళకి ముడతల అట్ట కట్టాలి, తప్పించుకున్నవి దాని మడతల్లో దూరితే తీసి కాల్చాలి. పెట్టెల షెడ్డుకి గుడ్డలతో సందులు మూయాలి. మందు ఇప్పుడు వద్దు, వెనక వచ్చే గుడ్లు పగిలే రోజు చూసి ఒక్కసారి చాలు. ఆ రోజు ఎప్పుడో తను చెబుతాడు, పురుగుల్ని నేను చూడాలి.

"మనుషులు కావాలి," అంది ఆవిడ. "కోతల కూలీలు ఇంకా రాలేదు."

మనుషుల్ని తెచ్చే పూచీ నాది అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆ శనివారం బర్మింగ్‌హామ్ నుంచి నాలుగైదు కార్లలో మా తెలుగువాళ్ళు దిగారు. అందరూ కంప్యూటర్లవాళ్ళు, వాళ్ళ భార్యలు, పిల్లలు. ఆపిల్ తోట చూపిస్తానని చెప్పి తీసుకొచ్చాను. పని ఉందని కూడా చెప్పాను గానీ, అది కొంచెం మెల్లగా చెప్పాను. హైదరాబాదు ఆవిడ ఒకామె చెట్లకేసి చూసి, "అమ్మో, గిన్ని కాయలా? ఇవన్నీ పారబోసుడేనా అక్కా?" అంది. కడప నుంచి వచ్చినాయన మాత్రం పెట్టె భుజాన వేసుకుని ముందుకెళ్ళాడు. "మా నాయన చీనీతోటలో దీనికంటే ఘోరం చూసినాం లేమ్మా. చెట్లు నిలబడితే చాలు, కాయలు మల్లా కాస్తాయి," అన్నాడు. మా అమ్మాయి ఒక పురుగుని అరచేతిలో పెట్టుకుని, "మమ్, ఇట్స్ యాక్చువల్లీ క్వైట్ ప్రెట్టీ," అంటూ అందరికీ చూపించుకుంటూ తిరిగింది.

పెద్దాయన తోట మధ్యలో నిలబడి, ఎవరు కాయ తెచ్చి చేతిలో పెట్టినా బొటనవేలితో దాని చుట్టూ తడిమేవాడు. రంధ్రం తగిలితే ఒక పక్కకి, తగలకపోతే ఇంకో పక్కకి. మా ఆయన పక్కనే ఉండి చూసి, ఒక్కటీ తప్పు పోలేదన్నాడు. మధ్యాహ్నం అందరం గడ్డి మీద కూర్చుని, ఐస్‌క్రీం డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తోట ఆవిడ రెండోసారి పెట్టించుకుని, "ఇందులో పుల్లగా ఉన్నది ఏ కాయ?" అని అడిగింది. చింతపండు సంగతి చెబితే, దానికి ఏ పురుగు పడుతుందని అడిగింది.

కింది తోటలో పంట చాలా మటుకు పోయింది. మిగిలింది రసానికి పోయింది. గుట్ట నిలిచింది. అక్కడి కాయ సూపర్‌మార్కెట్‌వాళ్ళు తీసుకున్నారు, ఒప్పందం ఉండిపోయింది. ఆవిడకి కోపం చెప్పినట్టే మర్నాడే వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది. కళ్ళు పోవడం గురించి కాదు, దాచడం గురించి. ఆయనని కోతలయ్యాక పని మానిపించారు. కేకు కోశారు, గడియారం ఇచ్చారు. గడియారం అందుకుని, "ఇప్పుడు నాకు టైమెంతో ఎవరైనా చెప్పాలి," అన్నాడు. కొంతమంది నవ్వారు. నేను కేకు ప్లేట్లు తీసుకెళ్ళే నెపంతో బయటికొచ్చేశాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. చలికాలం వెళ్ళాక తోట ఆవిడ నాకు ఫోన్ చేసింది. "ఈ ఏడు బుట్టలకి నువ్వే కదా వచ్చేది?"

"నేనేనండీ."

"పక్క సీటు ఖాళీ కదా?"

"ఖాళీయే."

"అయితే ఆయన్ని ఎక్కించుకురా. చూసేదానివి నువ్వు. దానర్థం ఏమిటో మాత్రం నాకు ఆయన నోటితోనే వినాలి."

ఆఫీసుకి చెబితే మా మేనేజర్ తనకి ఈ సంగతి ఏమీ తెలియదన్నాడు. అలా చాలా మంగళవారాలు గడిచాయి. నేను అట్ట లాగి పడ్డవాటి సంగతి చెప్పేదాన్ని. ఆయన ఆకాశం వైపు మొహం ఎత్తి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని, అప్పుడు మాట చెప్పేవాడు. ఆ తరవాత ఆ తోటలో అంత నష్టం నేను ఉన్నంతకాలం రాలేదు. మీలో ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట: ఫోను లెక్క తప్పకపోవచ్చు. కానీ ఆ లెక్క రైతుకి చెప్పేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. ఒక్కరే మోసే పని కాదు అది.

చివరి ఏడు ఆయన ఎడిన్‌బర్గ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి ఇల్లు ఖాళీ చేశాడు. పక్కలనున్న చూపు కూడా అప్పటికి సన్నగిల్లింది. వెళ్ళే ముందు ఒకసారి తోటకి తీసుకెళ్ళమన్నాడు. మే నెల మొదలు, ఇంకా పూత రాలలేదు. బుట్టలు కట్టే పని లేదు. కింది తోట గేటు దగ్గర వ్యాను ఆపి అద్దాలు దించాను.

"ఎలా ఉంది?" అన్నాడు.

"గుత్తుల్లో నడిమి పువ్వు విచ్చింది. పక్కవి మొగ్గలు. రేకు రాలడానికి ఇంకో వారం పట్టొచ్చు. తేనెటీగలు బాగానే తిరుగుతున్నాయి," అని ఎప్పటిలాగే మొదలుపెట్టాను.

"అలా కాదు," అన్నాడు. "పని కోసం కాదు. ఊరికే చెప్పు."

చెప్పబోయాను. అన్నేళ్ళుగా ఇంగ్లీషులో పురుగులు, రోజులు, మందులు చెప్పడమే నేర్చుకున్నాను తప్ప, ఊరికే చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. వెతుక్కుంటుంటే ఆయనే అన్నాడు. "నీ భాషలో చెప్పమ్మా."

సీటు బెల్టు తీసి అటు తిరిగి కూర్చున్నాను. తెలుగులో మొదలుపెట్టాను. పూత తెల్లగా లేదండీ, తెలుపులో ఎవరో కుంకుమ కడిగిన నీళ్ళు కలిపినట్టుంది అన్నాను. వరసలు గుట్ట దాకా పోతున్నాయి, మధ్యలో గడ్డి తడిసి మెరుస్తోంది అన్నాను. కాశీ నుంచి వచ్చిన మా అమ్మమ్మల, బామ్మల చీరలన్నీ ఒకేసారి ఆరేసినట్టుంది అన్నాను. గాలికి ముందే రాలిన ఒక రేకు వచ్చి మీ భుజం మీద వాలింది, కదలకండి అన్నాను. ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యే వీల్లేదు. అయినా కదలకుండా కూర్చున్నాడు.

ఇంకేం చెప్పాలో తోచక ఆగాను.

"ఇంకా ఉంది కదా," అన్నాడు. "కానివ్వు."